అంతర్వేది దారిలో వెనుదిరిగిన తల్లి

శ్రీ లక్ష్మీనృసింహ పరబ్రహ్మణే నమః

 

మద్దిలేటి నృసింహస్వామివారి నీడలో బ్రదుకుచున్న ఈ బేతంచెర్లలో, ఆ స్వామి భక్తుల యెదుట నాలుగు మాటలు చెప్పు భాగ్యము లభించినందుకు ముందుగా స్వామికి నమస్కరించుచున్నాము. ఈ సాయంకాలము మేము శాస్త్రచర్చ చేయదలచుకొనలేదు. ఒక ఇల్లాలి కథ చెప్పదలచితిమి. ఆమె సన్యసింపలేదు. ఆశ్రమము స్థాపింపలేదు. గ్రంథము వ్రాయలేదు. ఎవరికిని మంత్రోపదేశము చేయలేదు. ఇంటి పొయ్యి ఆరకుండ చూచుకొనుటయే ఆమె చేసిన తపస్సు. గడపకు వచ్చినవానిని ఆకలితో పంపకుండుటయే ఆమె పట్టిన వ్రతము.

ఈ కథనే ఎందుకెన్నుకొంటిమో చెప్పవలెను. మేము ఎక్కడ ప్రసంగించినను, సభ ముగిసిన పిమ్మట కొందరు తల్లులు దగ్గరకు వచ్చి ఒకే మాట అడుగుచుందురు. "అయ్యా, మీరు చెప్పినదంతయు బాగుగనే యున్నది. కాని మాకు తీరిక యెక్కడిది? తెల్లవారినది మొదలు ఇల్లు, పిల్లలు, పెద్దవారు, పైగా వ్యాపారము. కూర్చుండి జపము చేయుదమన్న ఎవరో పిలుతురు. యాత్రకు పోవుదమన్న ఇల్లు కదలనీయదు. మావంటివారికి భక్తి యెట్లు కుదురును?" అని.

ఈ ప్రశ్న మన ఊరికి మరింత తగినది. బేతంచెర్ల బండల ఊరు. భూమిలో పొరలు పొరలుగా నున్న నాపరాతిని తీసి, కోసి, నునుపు చేసి ఊరూరికి పంపుట ఇచ్చటి జీవనము. ఇట్టి ఊళ్లలో భర్త గతించిన పిమ్మటనో, ఆయనకు ఆరోగ్యము చాలనప్పుడో, చిట్టా ఆవర్జాలు తమ చేతికి తీసికొని, బండల లెక్క, లారీల బాడుగ, కూలీల బట్వాడా తామే చూచుకొని, పిల్లలను పెంచి పెద్దచేసిన ఇల్లాండ్రు కొత్త కాదు. అంగడి నడపు తల్లులు, పాడి అమ్ముకొను తల్లులు, సేద్యము చేయించు తల్లులు ఈ సభలోనే యున్నారు. వారి ప్రశ్నకు సమాధానము ఒక శ్లోకములో కంటె ఒక జీవితములో స్పష్టముగ కనబడును. ఆ జీవితము మన సీమది కాదు. గోదావరి పాయల నడుమ నున్న లంకల గన్నవరమున జీవించిన డొక్కా సీతమ్మగారిది.

సీతమ్మగారు 1841వ సంవత్సరమున మండపేటలో జన్మించిరి. తండ్రి అనుపిండి భవానీశంకరముగారు, తల్లి నరసమ్మగారు. తండ్రిగారి అసలు పేరు ఊరిలో చాలమంది మరచిరి. వచ్చిన వారికెల్ల బువ్వ పెట్టుచుండుటచేత ఆయనను 'బువ్వన్న' అని పిలిచెడివారు. బిరుదు ఇచ్చినవాడు రాజు కాదు, తిన్నవారు. ఇంతకంటె గొప్ప బిరుదు గృహస్థునకు ఏముండును?

ఆమె పుట్టుటకు ఎనిమిది తొమ్మిది సంవత్సరములకు ముందు, 1832-33లో, నందన కరువు కోస్తాను ఊపివేసినది. గుంటూరు మొదలు గోదావరి వరకు ఊళ్లు పాడుపడినవి. నేడు అన్నపురాశిగ కనబడు ఆ డెల్టా అప్పుడట్లుండలేదు. నది నిండుగ పారుచున్నను నీరు పొలమున కెక్కక, వాన తప్పినచో కరువు, వాన హెచ్చినచో వరదగ ఉండెడిది. సర్ ఆర్థరు కాటన్ ధవళేశ్వరము వద్ద ఆనకట్టను 1847లో ప్రారంభించి 1852లో ముగించెను. అనగా సీతమ్మగారి బాల్యము ఆకలి జ్ఞాపకమునకును, పంట భాగ్యమునకును నడుమ గడచినది. ఆకలిని ఎరిగినవారి ఇంట పెరిగిన పిల్లకు అన్నము విలువ ఒకరు బోధింపవలసిన పనిలేదు.

చిన్నతనముననే తల్లి గతించెను. ఇంటిబరువు బాలికపై పడెను. బువ్వన్నగారి ఇల్లనగా అది ఒక కుటుంబము తిను ఇల్లు కాదు గదా! ఎవరెప్పుడు వత్తురో తెలియదు. ఆటలాడు వయసున ఆ పిల్ల ఎసరు పెట్టుట, గింజలు కొలుచుట, విస్తళ్లు లెక్కించుట నేర్చుకొనెను. మనము ఒక సంగతి గమనింపవలెను. ఆమె భక్తి దేవుని గదిలో మొదలు కాలేదు. వంటయింటిలో మొదలైనది.

ఒకనాడు లంకల గన్నవరమునుండి డొక్కా జోగన్నగారు ప్రయాణములో మండపేటకు వచ్చి బువ్వన్నగారి ఇంట అతిథియైరి. ఆయన భూవసతి గల గృహస్థు. ఆ ఇంటి మర్యాదను, తల్లిలేని ఇంటిని ఆ కన్య దిద్దుకొను తీరును చూచి, ఆమెను తన కిమ్మని కోరిరి. వివాహము జరిగినది. కట్నకానుకల మాట లోకమునకు గుర్తులేదు. ఆమె పుట్టింటినుండి మెట్టినింటికి తెచ్చిన సొమ్ము అన్నము పెట్టు అలవాటని మాత్రము అందరెరుగుదురు.

లంకల గన్నవరము ఎట్టి చోట నున్నదో చెప్పినగాని ఆమె చేసిన పని బరువు మనకు అర్థము కాదు. ధవళేశ్వరమునకు దిగువన గోదావరి గౌతమియని, వసిష్ఠయని చీలును. వసిష్ఠనుండి వైనతేయ యను మరియొక పాయ విడివడును. వైనతేయుడనగా గరుత్మంతుడు. ఆ పాయ ఒడ్డుననే గన్నవరము. పాయల నడుమ లంకలు, లంకలలో ఊళ్లు. ఆ కాలమున వంతెనలు అరుదు. ప్రయాణమనగా కాలినడక, ఎడ్లబండి, పడవ. రేవు దగ్గరకు వచ్చుసరికి పడవ దాటిపోయినచో మరల వచ్చువరకు వేచియుండవలసినదే. గాలివాన పట్టినచో ఎన్నాళ్లో తెలియదు. పూటకూళ్ల ఇండ్లు లేని చోట, ఒక్కొక్కప్పుడు చంటిబిడ్డలతో, రోగులతో, చీకటిపడిన వేళ ఏటి ఒడ్డున దిగిన బాటసారి ఎవరి తలుపు తట్టవలెను? లంకల గన్నవరమున ఆ ప్రశ్నకు ఒకే సమాధానముండెడిది. సీతమ్మగారి తలుపు.

ఆ ఇంట వేళాపాళ లేదు. మధ్యాహ్నము వచ్చినవానికి వేడియన్నము, అర్ధరాత్రి వచ్చినవానికి చల్లయన్నము అను భేదము లేదు. అర్ధరాత్రి వచ్చినను పొయ్యి వెలిగింపవలసినదే. నీ దేకులము, నీ దేగోత్రము అని అడిగి వడ్డించు ఆచారమును ఆమె పాటింపలేదని ఆమెను గూర్చి చెప్పినవారందరు చెప్పిరి. కట్టుబాట్లు గట్టిగానున్న ఆ రోజులలో, శ్రోత్రియ కుటుంబపు కోడలు ఈ మార్గమున నడచుట సులభము కాదు. ఆకలి యొక్కటే ఆమె యెదుట అర్హత.

ఇచ్చట ఒక క్షణము ఆగి, అమ్మలారా, మీకు బాగుగ తెలిసిన సంగతి నొకదానిని తలచుకొందము. ఒకనాడు పదిమందికి వండుట ఉత్సాహము. ప్రతిదినము ఎందరికో తెలియకుండ వండుట ఉత్సాహముతో కాదు, లెక్కతో జరుగును. ధాన్యము గాదెలో ఎంతయున్నది, దంచినది ఎంత, దంచవలసినది ఎంత, వానాకాలమునకు కట్టెలు ఎండినవా, చింతపండు, ఉప్పు, పప్పు, నూనె తెప్పించితిమా, ఊరగాయ జాడీలు సంవత్సరమునకు చాలునా, పాడిపశువులలో ఏది వట్టిపోయినది, ఆకులు కోయువారెవరు, నీరు తోడువారెవరు, వారికి ఇయ్యవలసినది ఇచ్చితిమా? ఈ పట్టికలో ఒక్కటి తప్పినను ఆ రాత్రి ఒకరు పస్తుండవలెను. నేటి పెద్ద హోటలు యజమానికి నౌకరులున్నారు, ఫోను ఉన్నది, మంచుపెట్టె యున్నది. ఆమెకున్నవి రెండు చేతులు, ఇంటివారి సహకారము, ఎన్నడును తప్పని లెక్క.

మీ వ్యాపారమునకును ఆమె పనికిని పోలిక ఇచ్చటనే యున్నది. సరకు చూచుకొనుట, ఖర్చు చూచుకొనుట, మనుషులను చూచుకొనుట రెండింటను ఒక్కటే. భేదము లాభము వేయు చోట మాత్రమే. వర్తకుడు సాయంకాలమున గల్లాపెట్టె చూచి లాభమెంతయని లెక్కించును. ఆమె సాయంకాలమున వాకిలి చూచి ఎవరైన మిగిలిపోయిరా యని లెక్కించెను. లెక్క చేయుట పాపము కాదు. లెక్క ఎవరి కొరకు చేయుచున్నామన్నదే ప్రశ్న.

కొందరు భక్తులు ధనము సంపాదించుటను తక్కువగ మాటలాడుదురు. తైత్తిరీయోపనిషత్తు అట్లు చెప్పదు. భృగువల్లిలో అన్నమును నిందింపరాదని, తోసివేయరాదని, అన్నమును సమృద్ధిగ చేసికొనవలెనని, ఇల్లు కోరి వచ్చినవానిని ఎవరినైనను కాదనరాదని వరుసగ వ్రతములుగ విధించినది. ఈ వరుస చూడుడు. కాదనకుండుట వ్రతమైనపుడు, కాదనకుండుటకు కావలసినంత సంపాదించుటయు వ్రతమే. గాదె ఖాళీగనుంచుకొని అతిథి దేవుడని పలుకుటచే అతిథి కడుపు నిండదు. కనుక న్యాయముగ వ్యాపారము చేసి గాదె నింపు ఇల్లాలు ఉపనిషత్తు చెప్పిన వ్రతములో సగము చేసినట్లే. రెండవ సగము తలుపు తెరచుట. సీతమ్మగారు రెండు సగములను పూర్తిచేసిరి.

ఇప్పుడు అసలు కథకు వత్తము. ఆమె ఇల్లు విడిచి యాత్రలకు పోలేదు. పోవుటకు మనసు లేక కాదు, పోయినచో ఆ దినమున వచ్చినవారికి పెట్టువారెవరని. ఇట్లు సంవత్సరములు గడచినవి. వసిష్ఠ సాగరమును చేరు చోట అంతర్వేదిలో లక్ష్మీనృసింహస్వామి వెలసియున్నాడు. గన్నవరమునకు అది కాశీయంత దూరము కాదు, రామేశ్వరమంత దూరము కాదు. గోదావరి ఒడ్డువారికి అది ఇంటి దేవుని గుడివంటిది. అయినను ఆమె చూడలేదు. వయసు గడచుచుండగా ఒక్కసారి స్వామి దర్శనము చేసికొనవలెనను కోరిక ఆమెకు బలముగ కలిగినది. ఇంటివారు అంగీకరించిరి. పల్లకి సిద్ధమైనది. ఆమె బయలుదేరెను.

తరువాత జరిగినది కోనసీమలో నేటికిని చెప్పుకొందురు. దారిలో బోయీలు అలసి పల్లకి దించి విశ్రమించిరి. ఆ చోటనే ఎదురు దిక్కునుండి వచ్చిన ఒక కుటుంబము కూడ ఆగియున్నది. పిల్లలు ఆకలియని ఏడ్చుచున్నారు. పెద్దవారు వారిని ఓదార్చుచు, ఇంకను కొంచెము దూరమే, గన్నవరము చేరినచో సీతమ్మగారి ఇంట అన్నము దొరకునని చెప్పుచున్నారు. పల్లకిలోనున్నది ఆ సీతమ్మయేనని వారికి తెలియదు. ఆ మాట ఆమె చెవినిబడెను.

అమ్మలారా, ఆ క్షణమున ఆమె మనసులో ఏమి జరిగియుండును? ముందు నృసింహుడు, వెనుక ఆకలిగొన్న పిల్లలు. జీవితకాలము వేచియున్న దర్శనము ఒకవైపు, తన్ను నమ్మి నడచుచున్న అపరిచితులు మరియొకవైపు. ఇంటిలో వేరెవరో పెట్టుదురులెమ్మని ముందుకు సాగియున్నచో ఎవరును తప్పుపట్టియుండరు. ఆమె పల్లకి త్రిప్పుడనెను. ఆ కుటుంబముకంటె ముందుగ ఇల్లు చేరి, వంట చేసి, వారు వచ్చుసరికి విస్తళ్లు వేసియుంచెను. అంతర్వేది ప్రయాణము అక్కడనే నిలిచిపోయినది.

ఈ కథను విన్నవారిలో కొందరు, స్వామి దర్శనము పోగొట్టుకొన్నది గదా యని జాలిపడుదురు. నృసింహ భక్తులమైన మనము అట్లు జాలిపడుటకు ముందు ప్రహ్లాదుని స్మరింపవలెను. శ్రీమద్భాగవతము సప్తమ స్కంధమున, హిరణ్యకశిపుని సంహరించి ఉగ్రముగనున్న స్వామి యెదుట ఆ బాలుడు నిలిచి చేసిన ప్రార్థన యొకటి యున్నది. దాని భావమిది. మునులు తమ మోక్షము కొరకు ఏకాంతమున తపస్సు చేసికొందురు. ఇతరుల మేలు వారికి పట్టదు. నేను మాత్రము ఈ దీనులను విడిచి ఒంటరిగ ముక్తుడనగుట కోరను. ఇట్లు వేడినవాడు ఎవడు? స్తంభమునుండి స్వామిని రప్పించిన భక్తుడు. స్వామి యెదుటనే నిలిచి, దీనులను విడువనన్న ప్రహ్లాదునకును, స్వామి దారిలో నిలిచి, ఆకలిగొన్న పిల్లలను విడువని ఇల్లాలికిని భేదమేమున్నది? ఆమె సంస్కృతములో ఆ శ్లోకము ఎరుగునో లేదో మేము చెప్పజాలము. పల్లకి వెనుకకు త్రిప్పించుటలో దాని అర్థమును నడిపి చూపెను. ఆ పూట అంతర్వేదికి ఆమె పోలేదు. అంతర్వేది స్వామి ఆ పిల్లల రూపమున గన్నవరమునకు వచ్చి ఆమె చేతి అన్నము తినెనని మా విశ్వాసము.

ఇట్లు చెప్పుట యాత్రలు వద్దనుటకు కాదు. మీరు అహోబిలము వెళ్లుడు, మహానంది వెళ్లుడు, తిరుమల వెళ్లుడు. కాని ఇల్లు కదలలేక పోయినపుడు భగవంతుడు మనకు దూరమైనాడని కుములవద్దు. కదలనీయని ఆ పనియే ఆయన మనకిచ్చిన పూజ కావచ్చును.

కీర్తి యెట్లు వచ్చినదో కూడ చెప్పుదము. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకమును పురస్కరించుకొని 1903 జనవరి 1న ఢిల్లీ దర్బారు జరిగినది. ఆ సందర్భమున ఆమె దానశీలమునకు ప్రభుత్వము ప్రశంసాపత్రము నొసగినది. ఆమె ఛాయాచిత్రమును పంపవలెనని కోరిక వచ్చినది. ఆమె ఒప్పుకొనలేదు. పేరు కొరకు చేసిన పని కాదు, చిత్రమెందులకు అనెను. చిత్రము పంపనిచో తన ఉద్యోగమునకు ఇబ్బందియగునని అధికారి బ్రతిమాలగా, ఆయనకు కష్టము కలుగరాదని మాత్రమే అంగీకరించినదని చెప్పుదురు. నేడు మనము చూచు ఆమె చిత్రమునకు మూలమదియే. ఇందులోని సూక్ష్మము చూచితిరా? కీర్తికి ఒప్పుకొనుటలో కూడ ఆమె చూచినది ఎదుటివాని కష్టమునే. చక్రవర్తి గౌరవము ఆమెను కదల్పలేదు. ఒక ఉద్యోగి మొగము కదల్చినది.

ఆ పత్రము వచ్చిన మరునాడు కూడ ఆమె చేసినది ఎసరు పెట్టుటయే. 1909 ఏప్రిల్ 28న ఆమె పరమపదించిరి. బాల్యమునుండి తుదివరకు లెక్కించినచో అరువది యేండ్లకు దగ్గరగ సాగిన నిత్యవ్రతమది. మన ఇండ్లలో ఒక మండలము దీక్ష పట్టి, నలుబదియొకటవ నాడు అలసటతో విడుచుచుందుము. ఆమె దీక్షకు విరమణ లేదు.

ఇది నీరు పారు సీమ కథ, మాది రాతినేల, మాకెట్లు సాధ్యమని మీరనవచ్చును. నిజమే, కర్నూలు కడప సీమలకు కరువు చుట్టము. 1876-78 నాటి ధాత కరువు మాట మన పెద్దల నోట ఎంతకాలమో నిలిచినది. అయినను అన్నదానము పంట మిగిలినవారి ఆట మాత్రము కాదని ఈ నేలయే చూపినది. మన పొరుగుననున్న ఉయ్యాలవాడలో బుడ్డా వెంగళరెడ్డిగారు 1866 నాటి కరువులో తన గాదెలు, పాతరలు తెరచి వేలమందిని బ్రదికించిరి. ఆ కరువు నాటి దానమే ఆయనను పాటలలో నిలిపినది. అవధూత కాశినాయనగారి పేర నల్లమల క్షేత్రములలో నడచు అన్నదాన సత్రములలో మీలో భోజనము చేయనివారు తక్కువ. గాదె యున్న చోట గాదె, పాతర యున్న చోట పాతర. వరియన్నమున్న చోట వరియన్నము, లేనిచోట జొన్నరొట్టె, కొర్రబువ్వ, రాగిసంకటి. దేవుడు ధాన్యము పేరు అడుగడు.

మన సీమ బిడ్డయే, నృసింహుని భక్తురాలే, తరిగొండ వెంగమాంబగారిని కూడ ఈ సందర్భమున స్మరింపకున్న దోషమగును. 1730లో తరిగొండలో పుట్టి, బాల్యముననే వైధవ్యము పొంది, లోకము విధించిన చిహ్నములను నిరాకరించి, తరిగొండ నృసింహుని కొలిచి, తిరుమల చేరి, కావ్యములు రచించుచు, కొండకు వచ్చువారికి అన్నము, మంచినీరు అందించి, 1817లో అక్కడనే సమాధి చెందిన తల్లి ఆమె. రాజులు, జమీందారులు ఇచ్చిన దానములను పైసకు పైస యాత్రికులకు చేర్చవలసిన పెత్తనము కూడ ఆమె మీదనే పడినది. తిరుమలలో 1985లో నిత్యాన్నదానము ప్రారంభమైనది. 2011లో నూతన అన్నప్రసాద భవనమునకు వెంగమాంబగారి పేరే పెట్టిరి. ఈ ఇరువురిని పక్కపక్కన నిలిపి చూడుడు. ఒకరు ఇల్లు విడిచి స్వామిని చేరి, అక్కడ అన్నము పెట్టిరి. ఒకరు అన్నము పెట్టుట విడువలేక, స్వామి దారినుండి ఇల్లు చేరిరి. సంసారము లేనివారికి ఒక దారి, సంసారము గలవారికి ఒక దారి. రెండు దారులు ఒకే విస్తరి దగ్గర కలిసికొన్నవి.

ఇక మన ఇంటి సంగతికి వత్తము. సీతమ్మగారిని పొగడి ఇండ్లకు పోయినచో ఈ సభవలన ఆమెకు గాని మనకు గాని ప్రయోజనము లేదు. మా ఇండ్లలో పెద్ద ముత్తైదువలు బియ్యము కొలుచునపుడు ఒక పిడికెడు వేరుగ తీసి కుండలో వేయుచుండెడివారు. నెల తిరుగుసరికి ఆ కుండ నిండును. అది ఇంటిది కాదు, వచ్చినవానిది. ఎవరో వచ్చిన పిమ్మట వెదకుకొనుట కాక, వచ్చుటకు ముందే వాని పాలు తీసియుంచుట ఆ ఆచారపు రహస్యము. వ్యాపారము చేయు తల్లులు తమ చిట్టాలో కూడ ఇట్టి పిడికెడు నొకదానిని వ్రాసికొనవచ్చును. మిగిలినచో ఇత్తమనుకొన్నది ఎన్నడును మిగలదు.

రెండవది. దానము గడప బయట మొదలుకాదు. మండుటెండలో గనిలో బండలు పగులగొట్టువారికి, రాతిదుమ్ములో కోతయంత్రము దగ్గర నిలిచినవారికి, బండ్లకెత్తువారికి చెప్పిన నాటికి కూలి ముట్టినదా? త్రాగునీరున్నదా? ముక్కుకు, నోటికి దుమ్ము తగులకుండ గుడ్డయో, ముసుగో ఇచ్చితిమా? జబ్బుపడిన కూలివాని ఇంట పొయ్యి వెలిగినదో లేదో చూచితిమా? కూలి ఆపి, ఆ సొమ్ముతో సంతర్పణ చేసినచో అది సంతర్పణ కాదు, అప్పు ఎగవేత. సీతమ్మగారి వంటయింట నీరు తోడినవారు, ఆకులు కోసినవారు కూడ ఆ ఇంట తిన్నవారే.

మూడవది. సంతర్పణలలో గోడపై వ్రాయించుకొను పేరునకు మనము చూపు శ్రద్ధ, చివరి పంక్తిలో కూర్చున్నవాని విస్తరిపై చూపుచున్నామా? మొదటి పంక్తికి నెయ్యి, చివరి పంక్తికి నీళ్లచారు వేసి, దాత పేరు మాత్రము మైకులో నాలుగుసార్లు చదివించుచున్నాము. ఇందులో మేము కూడ నిర్దోషులము కాము. వేదికపై పూలమాల వేసినపుడు కంఠము వంచినవారమే, వడ్డన ఎట్లు జరిగినదో పోయి చూడనివారమే. చిత్రము వద్దన్న ఆ తల్లిని తలచినపుడు తల వంగుచున్నది.

నాలుగవది, పురుషులకు. అన్నపూర్ణయని ఇల్లాలిని పొగడి, వంటయింటి బరువంతయు ఆమెపై వేసి, గాదె తాళపుచెవి మాత్రము మన మొలలో ఉంచుకొనుట ధర్మము కాదు. జోగన్నగారు అడ్డుపడియున్నచో సీతమ్మగారి వ్రతము మొదటి సంవత్సరమే ముగిసియుండెడిది. ఆయన తన ఆస్తి కరుగుచున్నను ఆమె చేయి పట్టలేదు. భార్య లెక్క చూచుకొనగలదని నమ్మి, పెత్తనము అప్పగించిన భర్త పుణ్యము కూడ ఆ అన్నములో కలిసియున్నది. మీ ఇంటి ఆడువారు వ్యాపారము చూచుకొనుచున్నచో, వారికి పనితోబాటు నిర్ణయించు అధికారమును, ఇచ్చు అధికారమును ఇయ్యుడు.

వైనతేయ పాయపై గన్నవరము వద్ద కట్టిన కొత్త కాలువ వంతెనకు నేడు డొక్కా సీతమ్మగారి పేరున్నది. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టినది. మన బేతంచెర్ల ప్రభుత్వ పాఠశాలలలో పళ్లెము ముందు కూర్చున్న బిడ్డకు ఆమె యెవరో తెలియకపోవచ్చును. అంతర్వేది దారిలో ఆకలియని ఏడ్చిన పిల్లలకు కూడ పల్లకిలోనున్నది ఎవరో తెలియదు గదా! తెలియకపోయినను అన్నము అందినది. ఆమె కోరినదియు అదియే.

తల్లులారా, తీరిక లేదని మీరడిగిన ప్రశ్నకు ఇదే మా సమాధానము. రేపు ఉదయము చిట్టా తెరచునపుడు, పొయ్యి వెలిగించునపుడు, ఒక్క క్షణము మద్దిలేటి స్వామిని తలచి, స్వామీ, ఈ లెక్కలో నీవు పంపు అతిథి పాలు కూడ యున్నదని చెప్పుడు. ఆ పాలు నిజముగ ఉంచుడు. అతిథి వచ్చినపుడు తలుపు తీయుడు. దానికి వేరుగ తీరిక అక్కరలేదు.

ఆ నృసింహుడు మీ గాదెలను నింపుగాక! నిండిన గాదెల తలుపులు మూయబడకుండ మీకు మనసిచ్చుగాక!

శ్రీ లక్ష్మీనృసింహార్పణమస్తు.